మంచి బాలుడు దుష్టవేషం కట్టిన వేళ

వీడియో ఆటలు అమ్మే దుకాణం ముందు జనం బారులు తీరి ఉన్నారు. కొన్నేండ్లుగా తాము ఆడుతున్న ఆటకు క్రొత్త భాగం వస్తున్నదని, దానిని అందరికంటె ముందు చేజిక్కించుకొనవలెనని, కొందరు మిత్రులు ఆ వరుసలో కాచుకొని ఉన్నారు. ఇంతలో మరొక ముఠా వచ్చి, నిలుచున్నవారిని త్రోసిరాజని ముందుకు చొరబడినది. ఆ ముఠా నాయకుడు ప్యాంటుకు బదులు స్కాట్లండు దేశస్థులు కట్టే కిల్టు ధరించినాడు. మాటలో మర్యాద ఉన్నది, పెదవులపై చిరునవ్వు ఉన్నది. లోపల మాత్రం ఎదుటివానిని చిన్నబుచ్చి ఆనందించే కుబుద్ధి తప్ప మరేమీ లేదు. వాని పేరు ఫాక్స్. 1605 లో ఇంగ్లండు పార్లమెంటును తుపాకిమందుతో పేల్చివేయబోయి పట్టుబడిన గై ఫాక్స్ ను జ్ఞప్తికి తెచ్చే పేరు అది.

2009 ఆగస్టులో ‘ది గిల్డ్’ అనే అమెరికన్ హాస్య వెబ్ సిరీస్ మూడవ భాగం ఆరంభమైనప్పుడు ఈ ఫాక్స్ ను చూచిన ప్రేక్షకులలో చాలమంది ఆ ముఖాన్ని ఇట్టే గుర్తుపట్టినారు. ఇరువదేండ్ల క్రిందట తమ ఇంటి టెలివిజన్ లో వారం వారం చూచిన ముఖమే అది. అప్పుడు ఆ ముఖానికి గడ్డం లేదు, ఈ వంకర నవ్వూ లేదు. పదిహేనేండ్ల మేధావి బాలుని అమాయక వదనం అది. ఆ బాలుణ్ణి చూచి ఒళ్ళు మండిపోయినవారూ ఆ ప్రేక్షకులలో తక్కువమంది కారు. ఆ నటుడు విల్ వీటన్.

వీటన్ 1972 లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్‌బ్యాంక్ లో జన్మించినాడు. సినిమా స్టూడియోలకు పుట్టినిల్లు వంటి ఊరు అది. ఏడేండ్ల వయస్సుకే వ్యాపార ప్రకటనల చిత్రాలలో నటించడం మొదలుపెట్టినాడు. 1982 లో వచ్చిన ‘ది సీక్రెట్ ఆఫ్ నిమ్’ అనే బొమ్మల చిత్రంలో ఒక చిట్టెలుకకు గొంతు అరువిచ్చినాడు. ఆ పిదప 1985 వేసవిలో ఆరెగాన్ రాష్ట్రంలో దర్శకుడు రాబ్ రైనర్ ఒక చిత్రాన్ని తీసినాడు. మరుసటి సంవత్సరం విడుదలైన ‘స్టాండ్ బై మీ’ అదే. స్టీఫెన్ కింగ్ వ్రాసిన ఒక పెద్దకథ దానికి మూలం. నలుగురు కుర్రవాళ్ళు రైలు పట్టాల వెంట నడచి, అడవిలో ఎక్కడో పడి ఉన్న మరొక కుర్రవాని శవాన్ని చూడబోతారు. కథ అంతే. ఆ నలుగురిలో గార్డీ అనేవాని అన్న అంతకు ముందే చనిపోయి ఉంటాడు. పోయిన కొడుకును తలచుకొని కుమిలే తలిదండ్రులకు ఉన్న కొడుకు కంటికి ఆనడు. ఆ గార్డీయే విల్ వీటన్.

ఆ చిత్రంలో గార్డీ కన్నీరు కార్చే ఘట్టం చూచినవారు పన్నెండు, పదమూడేండ్ల పిల్లవానికి ఇంతటి నటన ఎట్లా పట్టుబడినదని ఆశ్చర్యపడినారు. దానికి సమాధానం వీటన్ నడివయస్సులో గాని బయటపెట్టలేదు. అది నటన కాదని, ఇంటిలో తండ్రి ప్రేమకు నోచుకొనని బాలుడు తన దుఃఖాన్నే కెమెరా ముందు పెట్టినాడని అతడు తరువాత అనేక పర్యాయాలు చెప్పుకొన్నాడు. నటుడు కావలెనన్న కోరిక తనది కాదనీ, అది తల్లి కోరిక అనీ, తాను మామూలు పిల్లవానివలె ఉండగోరినాననీ కూడ చెప్పినాడు. వినడానికి కష్టంగా ఉన్నా, బాలనటుల చరిత్ర తెలిసినవారికి ఇది క్రొత్త మాట కాదు.

1987 సెప్టెంబరులో ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ టెలివిజన్ లో ప్రారంభమైనది. నక్షత్రాల నడుమ తిరిగే ఒక మహానౌక, దానిలోని సిబ్బంది సాహసాలు, ఇదీ కథ. నౌకలోని వైద్యురాలి కొడుకు వెస్లీ క్రషర్ గా వీటన్ ప్రవేశించినాడు. ఆ సిరీస్ సృష్టికర్త జీన్ రాడెన్‌బరీ పేరులో మధ్యమాటయే వెస్లీ. అనగా సృష్టికర్త తన చిన్ననాటి ప్రతిరూపాన్నే నౌకలోకి ఎక్కించినాడని అనుకొనవచ్చును. ఇటువంటి పాత్రలకు కన్నతండ్రి ముద్దు ఎక్కువ, లోకుల ఆదరణ తక్కువ. పెద్దపెద్ద ఇంజనీర్లు తలపట్టుకొని కూర్చున్న చిక్కుముడిని ఈ కుర్రవాడు వచ్చి విప్పుతాడు, నౌకను రక్షిస్తాడు, ఎన్నడూ తప్పు చేయడు, చేసినా అదీ సదుద్దేశంతోనే. ప్రక్కింటి పిల్లవాడు ఎల్లప్పుడూ నూటికి నూరు మార్కులు తెచ్చుకొనుచుంటే ఎవరికి మాత్రం సహించును?

ప్రేక్షకులు సహించలేదు. నౌక కెప్టెన్ ఆ బాలుణ్ణి నోరు మూసుకొమ్మని కసిరిన ఒక మాటను బనియన్లమీద అచ్చువేసుకొని తిరిగినారు. ఇంటర్నెట్టు ఇంకా సామాన్యుల ఇండ్లలోకి రాని ఆ రోజులలోనే, కంప్యూటర్ల ద్వారా పరస్పరం రాసుకొనే చర్చావేదికలలో వెస్లీ క్రషర్ చావాలని కోరే వేదిక ఒకటి వెలసినది. కోపం ఆ సంభాషణలు వ్రాసిన రచయితలమీద కావలసినది. కాని రచయిత తెరమీద కనిపించడు, కనిపించేవాడు పిల్లవాడు. అభిమానుల సమావేశాలకు పోయిన ఆ పదహారేండ్ల కుర్రవాడు తనను చూచి ఎగతాళి చేసేవారి మధ్య నిలుచుండవలసి వచ్చినది. పెద్దవాడైన నటుడైతే వేషానికీ మనిషికీ తేడా తెలిసి నవ్వి ఊరుకొనును. ఆ వయస్సు కుర్రవాడు అట్లా ఊరుకోలేడు.

అతడు సిరీస్ ను వదలిపెట్టినది 1990 లో, నాలుగవ సంవత్సరపు కథలు నడుస్తుండగా. దానికి అతడు స్వయంగా చెప్పిన కారణం ఒకటి ఉన్నది. మిలోష్ ఫోర్‌మన్ దర్శకత్వంలో ‘వాల్‌మాంట్’ చిత్రంలో వేషం దొరికినది. టెలివిజన్ నిర్మాణంలో ముఖ్యుడైన ఒకడు, ఆ వారం ఎపిసోడులో నీవు లేకుంటే గడవదని చెప్పి ఆపినాడు. తీరా చూస్తే ఆ ఎపిసోడులో వీటన్ కు ఉంచిన దృశ్యాన్నే తీసివేసినారు. సినిమా చేజారినది. ఇక అక్కడ ఉండదలచుకొనలేదు. పదునెనిమిదేండ్ల వయస్సులో, దేశంలోని ఆనాటి ప్రసిద్ధ టెలివిజన్ ఉద్యోగాలలో ఒకదానిని వదలుకొని బయటికి నడచినాడు.

ఆ తరువాత కొంతకాలం అతడు కాన్సస్ రాష్ట్రంలోని టొపీకా పట్టణానికి పోయి, వీడియో కూర్పు పరికరాలు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేసినాడు. తిరిగి వచ్చేసరికి హాలీవుడ్ అతనికొరకు ఎదురుచూస్తూ కూర్చొనలేదు. చిన్న వేషాలు, వీడియోగా మాత్రమే విడుదలయ్యే చిత్రాలు, ఆడిషన్ కు పోయి ఉట్టిచేతులతో తిరిగివచ్చే మధ్యాహ్నాలు మిగిలినవి. 2002 లో ‘స్టార్ ట్రెక్: నెమెసిస్’ చిత్రంలో వెస్లీ పాత్ర మళ్ళీ కనిపించబోతున్నదని సంతోషపడితే, ఆ దృశ్యంలో అధికభాగం కూర్పులో కత్తిరింపు పాలైనది. స్టార్ ట్రెక్ ను వదలడం తప్పు కాదని లోకానికి రుజువు చేయమని తనలో ఒక గొంతు రాత్రింబవళ్ళు పోరుతుండేదని అతడు 2004 లో వచ్చిన ‘జస్ట్ ఎ గీక్’ అనే పుస్తకంలో చెప్పుకొన్నాడు. ఆ పుస్తకానికి పూర్వమే, 2001 నుండి, తన పేరుతో ఒక బ్లాగు నడుపుతూ వచ్చినాడు. అక్కడ తన ఓటములను దాచకుండ వ్రాసుకొన్నాడు. వెస్లీని ద్వేషించిన పాఠకులు కొందరు విల్ ను ఇష్టపడడం మొదలుపెట్టినది ఆ రాతల మూలంగానే.

ఈ సందర్భంలో జాకీ కూగన్ ను తలచుకొనక తప్పదు. 1921 లో చాప్లిన్ ప్రక్కన ‘ది కిడ్’ లో నటించి లోకాన్ని ఏడిపించి నవ్వించిన పిల్లవాడు అతడు. బాల్యంలో సంపాదించినది ముప్పది, నలుబది లక్షల డాలర్లని అంచనా. పెద్దవాడై 1938 లో తల్లిమీద, సవతితండ్రిమీద వ్యాజ్యం వేస్తే చేతికి దక్కినది లక్షా ఇరువదియారు వేలు. ఆ ఘోరం చూచి కాలిఫోర్నియా ప్రభుత్వం 1939 లో బాలనటుల ఆదాయాన్ని కాపాడే చట్టం చేసినది. ఇప్పటికీ దానిని కూగన్ పేరుతోనే వ్యవహరిస్తారు. ఆ కూగనే 1964 లో ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ అనే హాస్య టెలివిజన్ సిరీస్ లో బట్టతలతో, గుంటలు పడిన కళ్ళతో అంకుల్ ఫెస్టర్ గా మళ్ళీ తెరమీదికి వచ్చినాడు. ముద్దులొలికే బాలుడు వికృతాకారుడై నవ్వించినాడు. వీటన్ కథకు ఇంతకంటె దగ్గరి పోలిక దొరకదు. మన దక్షిణాది చిత్రాలలో పేరుకు ముందు మాస్టర్ అనో, బేబీ అనో చేర్చుకొని వచ్చిన పిల్లలలో కమలహాసన్, శ్రీదేవి వంటివారు ఆ మాటను దులుపుకొని పెద్దనటులైనారు. ఎక్కువమందిని ఆ మాటతోనే లోకం మరచిపోయినది.

ఇక ‘ది గిల్డ్’ సంగతి. దాని రచయిత్రీ, నాయికా ఫెలీషియా డే. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో గణితం, వయొలిన్ రెండూ చదివి, నటన కొరకు లాస్ ఏంజలిస్ చేరిన యువతి. అవకాశాలు అంతంతమాత్రంగా ఉన్న రోజులలో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అనే ఆన్‌లైన్ ఆట ఆమెను పట్టుకొన్నది. పేకాట వ్యసనం చూచినవారికి దీనిని వేరే వర్ణించనక్కరలేదు. ఎట్లాగో బయటపడి, పోయిన కాలానికి ప్రతిఫలంగా ఆ అనుభవాన్నే అరగంట టెలివిజన్ నాటికగా వ్రాసినది. ఆటగాళ్ళ గోడు ఎవరికి కావాలని టెలివిజన్ వారు పట్టించుకొనలేదు. స్నేహితుల సలహామీద దానిని చిన్నచిన్న ముక్కలుగా చేసి, 2007 జూలైలో యూట్యూబులో పెట్టినది. మొదటి మూడు ముక్కలు సొంత డబ్బు, మిత్రుల శ్రమ. డబ్బు అయిపోయినది. అప్పుడు చూచినవారే తలా కొంత చందా పంపి మొదటి భాగాన్ని పూర్తి చేయించినారు. 2008 చివర మైక్రోసాఫ్ట్ వారు రెండవ భాగాన్ని తమ ఎక్స్‌బాక్స్ ద్వారా ప్రదర్శించడానికి ఒప్పందం చేసుకొన్నారు. కథమీద హక్కు మాత్రం ఆమె వదులుకొనలేదు. హాలీవుడ్ రచయితలు ఇటువంటి హక్కుల విషయమై 2007 నవంబరు నుండి 2008 ఫిబ్రవరి వరకు సమ్మె చేసి వీధిన పడిన రోజులవి. ఆమె చేసినది ఎంత తెలివైన పనో వారికే బాగా తెలిసి ఉండును.

కథలో ఆరుగురు. ముఖాముఖి ఎన్నడూ కలుసుకొనక, కంప్యూటరు తెరమీద మాత్రమే యుద్ధాలు చేసే బృందం. ఉద్యోగం పోగొట్టుకొన్న వయొలిన్ విద్వాంసురాలు కోడెక్స్, భయాల పుట్ట. ఆమె పాత్ర డే స్వయంగా ధరించినది. ఆమె తనను ప్రేమిస్తున్నదని భ్రమపడి సామానుతో సహా గుమ్మంలో దిగిన జాబూ పాత్రకు సందీప్ పారిఖ్. చనిపోయిన తాతగారి పింఛనుతో కాలక్షేపం చేసే లోభి వోర్క్, పిల్లలను గాలికి వదలి ఆట ఆడే తల్లి క్లారా, ఇంకా ఇద్దరు పడుచువాళ్ళు. ఒక్కొక్క ఎపిసోడు కొద్ది నిముషాలు మాత్రమే. టీ త్రాగుతూ ఒకటి చూడవచ్చును. నవ్వు పుట్టించేది వాళ్ళ ఆట కాదు. తెరమీద మహావీరులైన వీరు గుమ్మం దాటి పచారీకొట్టుకు పోవడానికి పడే యాతన నవ్విస్తుంది.

మూడవ భాగానికి వారికి ఒక శత్రువు కావలసి వచ్చినది. ‘యాక్సిస్ ఆఫ్ అనార్కీ’ అనే ప్రత్యర్థి బృందం, దాని నాయకుడు ఫాక్స్ అట్లా పుట్టినారు. ఆ బృందంలో చక్రాల కుర్చీలో తిరిగే కర్కశురాలు వెనమ్ వేషం కట్టిన టీల్ షెరర్ నిజజీవితంలోనూ చక్రాల కుర్చీ వాడే నటి. ఆమె తరువాత తన బ్రతుకు పాట్లనే నవ్వుల కథగా మలచి సొంత సిరీస్ తీసుకొన్నది. ఇదొక ముచ్చట.

వీటన్ ఫాక్స్ పాత్రను ఎట్లా పోషించినాడో గమనించదగినది. గొంతు పెంచడు. తొందరపడడు. పుస్తకాలు చదివినవాని పలుకుబడితో, ఎదుటివానికి ఏదో ఉపకారం చేస్తున్నట్టు మాటలాడుతాడు. తాను ఎంత నీచంగా ప్రవర్తిస్తున్నాడో తనకు తెలుసు, తెలిసినందుకే మురిసిపోతాడు. హాస్యంలో దుష్టుని వేషం కట్టేవారు సాధారణంగా కనుబొమలు ఎగరవేసి, తానే ముందు నవ్వి చెడగొడతారు. వీటన్ నవ్వించడానికి ప్రయత్నించినట్టే కనిపించడు. కిల్టు కట్టుకొని కూడ తాను మహా హుందాగా ఉన్నానని నమ్మిన మనిషిని చూపినాడు. ఆ నమ్మకమే నవ్వు తెప్పిస్తుంది. అక్కడక్కడ ఒక క్షణం పాటు, మాట ముగిసిన తరువాత కళ్ళలో, ఎవరైనా తనను మెచ్చుకొన్నారా అని వెదకే చూపు ఒకటి ఉంటుంది. వెస్లీ క్రషర్ లో ఉన్న చూపే అది. అక్కడ అది ప్రేక్షకులకు కంటగింపైనది. ఇక్కడ అదే హాస్యానికి ఆయువుపట్టు. తరువాతి భాగంలో కోడెక్స్ తో ఈ ఫాక్స్ కు నడచిన సంబంధం కథను కొంత పలుచన చేసినదనే చెప్పవలెను. శత్రువును ఇంటికి పిలిచి కూర్చోబెడితే భయం ఉండదు, భయం లేనిచోట ఫాక్స్ కు పని లేదు. అయినప్పటికీ ఆ మొదటి పన్నెండు ఎపిసోడుల ఫాక్స్ చెక్కు చెదరడు.

మరొక చమత్కారం. 2007 లో, సియాటిల్ నగరంలో జరిగిన వీడియో ఆటగాళ్ళ మహాసమావేశంలో ప్రారంభోపన్యాసం చేసినవాడు ఈ వీటనే. ముఖం కనబడనంత మాత్రాన ఎదుటి ఆటగానితో దుర్మార్గంగా ప్రవర్తించరాదన్నది ఆ ఉపన్యాస సారాంశం. ఆటగాళ్ళు దానికి అతని పేరు పెట్టి, ‘వీటన్ సూత్రం’ అని, ఒక మోటుమాటతో కూడిన నీతివాక్యంగా వ్యాపింపజేసినారు. అటువంటి సూత్రకర్త రెండేండ్లకే, ఆ సూత్రాన్ని అడుగడుగునా ఉల్లంఘించే మనిషి వేషం కట్టినాడు. చూచేవారిలో చాలమందికి రెండూ తెలుసు. ముఖం కనబడని మూకల నోటి దురుసు ఎంత దూరం పోగలదో అతనికి పదహారేండ్ల నాడే తెలిసినది గనుక, ఫాక్స్ ను తీర్చడానికి ఎక్కడికో పోయి పరిశీలన చేయవలసిన అవసరం లేకపోయినది.

ఆ 2009 వ సంవత్సరమే విచిత్రమైనది. ‘లెవరేజ్’ అనే సిరీస్ లో కేయాస్ అనే కంప్యూటరు దొంగ వేషం కట్టినాడు. అక్టోబరులో ‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’ లో విల్ వీటన్ అనే పేరుతోనే, విల్ వీటన్ గానే ప్రవేశించినాడు. చిన్ననాడు తనను చూడడానికి వచ్చి, తాను రాకపోవడంతో నిరాశపడిన షెల్డన్ అనే శాస్త్రజ్ఞునితో పేకముక్కల పందెంలో దిగి, తన అవ్వ చనిపోయినదని అబద్ధమాడి, అతని మనస్సు కరిగించి, ఆట గెలుచుకొంటాడు. నూటికి నూరు మార్కుల కుర్రవాడు ఒకే ఏట మూడుచోట్ల వంచకుడై కనిపించినాడు. జనం చప్పట్లు కొట్టినారు. మంచివాడుగా నటించినందుకు తిట్టినవారే చెడ్డవాడుగా నటించినందుకు మెచ్చుకొన్నారంటే, తప్పు వెనుకటి నటనలో లేదని కదా అర్థం!

2022 లో అతడు తన పాత పుస్తకాన్ని ‘స్టిల్ జస్ట్ ఎ గీక్’ అనే పేరుతో మళ్ళీ అచ్చువేసినాడు. మామూలు పునర్ముద్రణ కాదు. పేజీ పేజీకీ అడుగున క్రొత్త వ్యాఖ్యలు చేర్చినాడు. ముప్పదేండ్ల వయస్సులో వ్రాసిన పరిహాసాలలో కొన్ని ఆడువారిని, బలహీనులను నొప్పించేవని తానే తప్పు పట్టుకొన్నాడు. ఇంటిని గురించి అప్పుడు తియ్యగా వ్రాసిన చోట్ల, అది నిజం కాదు, భయంతో అట్లా వ్రాసినానని గుర్తు పెట్టినాడు. మనోవ్యాధికి చికిత్స పొందిన సంగతి కూడ దాచలేదు. అదే ఏడు మే నెలలో ‘స్టార్ ట్రెక్: పికార్డ్’ రెండవ భాగం చివరి ఎపిసోడులో వెస్లీ క్రషర్ గా కొద్ది నిముషాలు కనబడినాడు. అప్పటికి అతనికి నలుబదితొమ్మిదేండ్లు. ఈసారి ఎవరూ నోరు మూసుకొమ్మనలేదు.

‘ది గిల్డ్’ ఆరు భాగాలు పూర్తి చేసుకొని 2013 జనవరిలో ముగిసినది. అంతకు ముందే, 2012 ఏప్రిల్ లో, డే, వీటన్ కలిసి ‘టేబుల్‌టాప్’ అనే మరొక కార్యక్రమం యూట్యూబులో ఆరంభించినారు. అందులో కథ లేదు, వేషం లేదు, వ్రాసిపెట్టిన మాటలు లేవు. నలుగురు మిత్రులు బల్ల చుట్టూ కూర్చొని అట్టల ఆటలు, పాచికల ఆటలు ఆడుతారు. వీటన్ ఆట నియమాలు చెప్పి తానూ ఆడుతాడు. 2017 వరకు సాగిన ఆ కార్యక్రమంలో అతనికి పాచికలు కలిసి వచ్చిన సందర్భాలు బహు తక్కువ. ఆరు కావలసినప్పుడు ఒకటి పడుతుంది. బల్ల చుట్టూ ఉన్నవారు గొల్లున నవ్వుతారు. అతడు తల పట్టుకొని, పాచికలను తిట్టి, తానూ నవ్వి, ప్రక్కవానికి అందిస్తాడు.